పెద్ద లా ఫర్మా, సీనియర్ గారి ఆఫీసా? లా విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌లు ఎలా ఎంచుకోవాలి, ఎలా చేయాలి

ఏప్రిల్ వచ్చిందంటే లా కాలేజీ పిల్లల దగ్గర్నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగేది ఒకటే: "ముంబైలో పెద్ద ఫర్మ్‌కి అప్లై చేయమంటారా, మా ఊరి కోర్టులో ఎవరైనా సీనియర్ గారి దగ్గర చేరమంటారా?" నేను తిరిగి ఒకటి అడుగుతాను: "నువ్వు రాసిన కాగితం చదివి, తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించే మనిషి ఆ రెండు చోట్లలో ఎక్కడ దొరుకుతారు?" ఈ ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. వాళ్లకు ఫర్మ్ పేరు తెలుసు, కోర్టు పేరు తెలుసు, లోపల ఎవరి పక్కన కూర్చోబోతున్నారో తెలియదు.

నేను రెండూ చేశాను. మొదటిది జిల్లా కోర్టు ఎదురు సందులో, ఒక సీనియర్ గారి ఇంటి ముందుగదిలో. ఆయన, ఇద్దరు జూనియర్లు, ఒక గుమస్తా, గోడ నిండా కేసు కట్టలు. అక్కడ ఒక్క చెక్ బౌన్స్ నోటీసును ఏడుసార్లు తిరగరాశాను. రెండోది మహానగరంలో పెద్ద ఫర్మ్. అక్కడ మూడు వారాలు ఒక పట్టిక నింపుతూ గడిచాయి, అది ఎందుకో కూడా సరిగా తెలియదు. నాలుగో వారంలో ఒక అసోసియేట్ (ఫర్మ్‌లో జీతానికి పనిచేసే లాయర్) నా మెమో ముందు పెట్టుకుని, రెండు గంటలు కూర్చుని, ఒక్కో వాక్యం దిద్దారు. ఈరోజుకీ పిటిషన్ రాసేటప్పుడు నాకు ఆ ఏడు నోటీసులూ ఆ రెండు గంటలూ పనికొస్తున్నాయి. అందుకే మీకు చెప్పేదంతా ఆ దిద్దే మనిషిని ఎలా వెతుక్కోవాలి, దొరికాక ఆ నాలుగు వారాలు ఎలా వాడుకోవాలి అనే దాని చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు వారాలు లెక్కపెట్టుకోండి

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలకు మించకూడదు. ఇంకో మాట కూడా అందులోనే ఉంది: చదువు మొత్తంలో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు అడ్వకేట్ల దగ్గర చేసి తీరాలి. అంటే కార్పొరేట్ ఫర్మ్ తప్ప మరేదీ వద్దనుకున్నవాళ్లకు కూడా కోర్టు మెట్లెక్కడం తప్పదు. తప్పనిసరి అయిన పనిని మొదట్లోనే, మనసు పెట్టి చేస్తే మంచిది. ఆఖరి సెమిస్టర్‌లో సర్టిఫికెట్ కోసం పరిగెత్తేవాళ్లను ఏటా చూస్తున్నాను, వాళ్లకు ఆ నాలుగు వారాలు చేసినా చేయనట్టే.

ఒక తెల్లకాగితం తీసుకుని మీకున్న సెలవులన్నీ రాయండి. మూడేళ్ల కోర్సు అయితే మూడు నాలుగు విడతలే వస్తాయి, ఐదేళ్లది అయితే ఐదారు. నా సలహా వరుస ఇది: మొదటి విడత మీ సొంత జిల్లాలో ట్రయల్ కోర్టు, రెండోది హైకోర్టు లేదా ట్రిబ్యునల్, ఆ తర్వాతే పెద్ద ఫర్మ్. కోర్టులో ఒక దావా ఎలా చచ్చిపోతుందో చూసినవాడికి, కాంట్రాక్టులో వివాద పరిష్కార క్లాజు ఎందుకంత జాగ్రత్తగా రాస్తారో ఫర్మ్‌లో ఎవరూ చెప్పనక్కర్లేదు. వరుస తిరగేస్తే ఆ లాభం పోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది ఇందులోనే పడతారు. మే నెలలో హైకోర్టులకూ సివిల్ కోర్టులకూ వేసవి సెలవులు. కాలేజీకీ అప్పుడే సెలవులు కాబట్టి పిల్లలు మేలో సివిల్ లాయర్ దగ్గర చేరతారు. వాయిదాలుండవు, సాక్షులుండరు, సీనియర్ గారు ఊళ్లో ఉండరు. మేలోనే వెళ్లాలంటే క్రిమినల్ ప్రాక్టీసు ఉన్న ఆఫీసుకు వెళ్లండి, మేజిస్ట్రేట్ కోర్టులు నడుస్తూనే ఉంటాయి. లేదా మే నెలను ఫర్మ్‌కి ఇచ్చి, కోర్టును జూన్‌కో డిసెంబరుకో పెట్టుకోండి. దసరా, సంక్రాంతి సెలవులు కూడా క్యాలెండర్‌లో చూసుకుని మరీ తేదీలు ఖాయం చేయండి.

2. మీరు ఎటు వెళ్లాలనుకుంటున్నారో మీకు మీరు చెప్పుకోండి

జడ్జి కావాలనుకునేవాళ్లకు లెక్క ఇప్పుడు మారింది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, సివిల్ జడ్జి జూనియర్ డివిజన్ పరీక్ష రాయడానికి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరైంది. ఆ మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే అడ్వకేట్‌గా తాత్కాలికంగా నమోదైన రోజు నుంచి లెక్క. కనీసం పదేళ్ల అనుభవమున్న అడ్వకేట్ ధ్రువపత్రం ఇవ్వాలి, దానిమీద న్యాయాధికారి ఎండార్స్‌మెంట్ ఉండాలి. కాబట్టి డిగ్రీ చేతికొచ్చిన రోజే చేరగలిగే ఒక సీనియర్ మీకు కావాలి. ఆ పరిచయం విద్యార్థిగా ఉన్నప్పుడు చేసిన ఇంటర్న్‌షిప్‌తోనే మొదలవుతుంది. ఈ దారిలో ఉన్నవాళ్లు పెద్ద ఫర్మ్ కోసం రెండు విడతలు ఖర్చుపెట్టడం నాకు సమంజసంగా కనిపించదు. ఒకటి చాలు, అదీ కుతూహలం ఉంటేనే.

కార్పొరేట్ ఉద్యోగం కావాలనుకునేవాళ్ల సంగతి వేరు. పెద్ద ఫర్మ్‌లు ఇంటర్న్‌షిప్‌ను నాలుగు వారాల ఇంటర్వ్యూలాగా చూస్తాయి. చివరి రెండేళ్లలో చేసిన నెల బాగా జరిగితే ఉద్యోగం అక్కడే ఖాయం కావచ్చు. అందుకని ఆ విడతలు ఫర్మ్‌లకే ఉంచుకోండి.

ఇంకా ఏదీ తేలనివాళ్లే ఎక్కువమంది. మీరూ వాళ్లలో ఒకరైతే కంగారు వద్దు. ఒకటి చిన్నచోట, ఒకటి పెద్దచోట చేసి, ఏ సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ పని గురించే ఆలోచించారో గుర్తుపెట్టుకోండి.

3. "పెద్ద", "చిన్న" అంటే ఏమిటో తెలుసుకోండి

దేశంలో పెద్ద ఫర్మ్‌లంటే సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఖైతాన్ అండ్ కో, ఏజడ్‌బీ, ట్రైలీగల్ లాంటివి. మొదటి రెండూ 2015 దాకా ఒకే ఫర్మ్, అన్నదమ్ములు విడిపోతే రెండయ్యాయి. ఖైతాన్ 1911లో కలకత్తాలో పుట్టింది. వీటిలో వందలమంది లాయర్లుంటారు. పని టీముల వారీగా ఉంటుంది: కంపెనీల కొనుగోళ్లు, బ్యాంకు రుణాలు, పబ్లిక్ ఇష్యూలు, పన్నులు, పోటీ చట్టం, వివాదాలు. మీరు "ఫర్మ్‌లో చేశాను" అంటారు గానీ నిజానికి ఒక టీములో చేస్తారు. ఒకే మేడలో మూడో అంతస్తు స్వర్గం, నాలుగో అంతస్తు నరకం కావచ్చు. అందుకే ఫర్మ్ గురించి వాకబు చేసేటప్పుడు టీము పేరుతో అడగండి.

ఇటు చివర ఒక్క లాయర్ ఆఫీసు. ఈ రెండింటి మధ్య మన దగ్గర మంచి మెట్లు చాలా ఉన్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. మూసీ ఒడ్డున తెలంగాణ హైకోర్టులోనూ, నేలపాడులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనూ ప్రాక్టీసు చేసే ఐదారుగురి ఛాంబర్లు ఉన్నాయి. కంపెనీల కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీ (నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్)కి హైదరాబాద్‌లో ఒక బెంచ్, అమరావతికి ఒక బెంచ్ ఉన్నాయి, వాటి చుట్టూ దివాలా కేసులే వృత్తిగా చేసే చిన్న ఫర్మ్‌లున్నాయి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ సందుల్లో పది ఇరవైమంది లాయర్లతో నడిచే మధ్యస్థాయి ఫర్మ్‌లున్నాయి. జె. సాగర్ అసోసియేట్స్, లక్ష్మీకుమారన్ అండ్ శ్రీధరన్ లాంటి పెద్దవాటికి కూడా హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ, విశాఖలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ పిల్లలకు కాలేజీ కమిటీలే దారి చూపిస్తాయి. లాసెట్ (రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష) రాసి మామూలు కాలేజీలో చేరినవాళ్లకు ఈ మధ్యమెట్టే సరైన దారి. ఇక్కడ ఫర్మ్ పద్ధతీ కనిపిస్తుంది, మీ డ్రాఫ్టు పార్ట్‌నర్ చేతికీ వెళుతుంది. నన్నడిగితే చాలామందికి చెప్పేది ఇదే.

4. చిన్న ఆఫీసు వెతికే పద్ధతి

మెయిల్ పంపితే జిల్లా సీనియర్లు చూడరు. కోర్టుకే వెళ్లండి. నాంపల్లి అయినా, సిటీ సివిల్ కోర్టు అయినా, ఎల్బీనగర్ రంగారెడ్డి కోర్టులైనా, విజయవాడ కోర్టుల సముదాయమైనా సరే. తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని, ఉదయం పదిన్నరకల్లా ఒక కోర్టు హాలు వెనక వరసలో కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, బయటకు తీయకండి. రెండు రోజులు ఊరికే చూడండి. జడ్జి అడిగిన దానికి కట్ట విప్పకుండానే జవాబు చెప్పేది ఎవరు, సాక్షిని క్రాస్ చేసేటప్పుడు (ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) గొంతు పెంచకుండా పని కానిచ్చేది ఎవరు, వాయిదా అడగడానికే లేచేది ఎవరు, అన్నీ తెలిసిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరి జూనియర్లు చేతిలో నోట్సుతో లేచి మాట్లాడుతున్నారో చూడండి. జూనియర్‌ను మాట్లాడనిచ్చే సీనియర్ ఇంటర్న్‌కీ నేర్పుతారు.

తర్వాత గుమస్తా గారిని పట్టుకోండి. సీనియర్ గారు ఆఫీసులో ఎప్పుడుంటారో ఆయనకే తెలుసు. చాలా ఆఫీసుల్లో సాయంత్రం ఏడు దాటాకే క్లయింట్ల తాకిడి. ఆ వేళకు ముందు వెళ్లి, నిలబడి, నాలుగే మాటలు చెప్పండి: "నమస్కారం సార్. నేను ఫలానా కాలేజీలో నాలుగో సెమిస్టర్. మొన్న ఇంజంక్షన్ పిటిషన్ మీద మీ వాదన విన్నాను. జూన్ ఒకటి నుంచి నాలుగు వారాలు మీ ఆఫీసులో పనిచేయాలని ఉంది." విన్న కేసు పేరు చెప్పడం ముఖ్యం. సీనియర్ మేడమ్ అయితే "మేడమ్" అనండి, చుట్టరికాలు కలపకండి. "మా మావయ్య మీకు తెలుసు సార్" అని మొదలుపెడితే మావయ్య గురించి మాట్లాడి పంపించేస్తారు. తెలిసినవాళ్ల పరిచయం ఉంటే తప్పేం లేదు, ముందుగా వాళ్లచేత ఒక ఫోన్ చేయించి, మీరు మాత్రం పని గురించే మాట్లాడండి.

ఒప్పుకున్నాక మూడు సంగతులు అడగాలి. రోజూ కోర్టుకు వెంట రావచ్చా? నాతో ఏదైనా డ్రాఫ్టు రాయిస్తారా, అది ఎవరు చూస్తారు? క్లయింటుతో మాట్లాడేటప్పుడు కూర్చోవచ్చా? ఇవి మీ మార్కులకూ అవసరమే. ప్రాక్టికల్ ట్రైనింగ్ పేపర్లో రెండు కేసుల విచారణ గమనించి రాసినందుకు 30 మార్కులు, క్లయింటు ఇంటర్వ్యూలు, కేసు కాగితాల తయారీ డైరీకి మరో 30 మార్కులు ఉంటాయి. ఈ మాట చెబితే ఏ సీనియరూ కాదనరు.

5. చిన్న ఆఫీసులో మొదటి వారం

మొదటి రోజే చట్టం పుస్తకం తెరవకండి, కట్ట విప్పండి. ముగింపుకు దగ్గరగా ఉన్న ఒక ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్, అంటే సివిల్ దావా) కట్ట ఇమ్మని అడగండి. వకాలత్, ప్లెయింటు (దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంటు (ప్రతివాది జవాబు), ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), చీఫ్ అఫిడవిట్లు (సాక్షుల వాంగ్మూలాలు), మార్క్ చేసిన పత్రాలు, క్రాస్, అన్నీ వరసగా చదివి, ఒక పేజీలో తేదీలు మాత్రం రాయండి. ఆ తేదీల పేజీ సీనియర్ గారికి చూపిస్తే మీ మీద నమ్మకం కుదిరినట్టే, ఎందుకంటే వాదనకు ముందు ఆయన వేసుకునే మొదటి కాగితం అదే. తర్వాత ఒక ఎం.వి.ఓ.పి. (రోడ్డు ప్రమాద పరిహారం పిటిషన్), ఒక సి.సి. (మేజిస్ట్రేట్ కోర్టు క్రిమినల్ కేసు) కట్ట కూడా చదవండి. రోడ్డు ప్రమాద పరిహారం లెక్క ఎలా కడతారో తెలియని లాయరు జిల్లాలో బతకలేడు.

రోజూ సాయంత్రం ఈ-కోర్ట్స్ యాప్‌లో రేపటి కాజ్ లిస్టు (విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసి, మన ఆఫీసు కేసులు ఏ హాల్లో ఎన్నో నంబరు, ఏ దశలో ఉన్నాయో చీటీ రాసిపెట్టండి. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలు, అంకెలతో ఒక సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది, అది కొడితే ఉత్తర్వులన్నీ కనిపిస్తాయి.

గుమస్తా గారితో కనీసం రెండు రోజులు పూర్తిగా తిరగండి. ఫైలింగ్ సెక్షన్‌లో పిటిషన్ ఎందుకు వెనక్కి కొడతారు, కోర్టు ఫీజు ఎలా లెక్కేస్తారు, సర్టిఫైడ్ కాపీకి ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, సమన్లు ఎందుకు తిరిగొస్తాయి, ఇవి ఏ పాఠంలోనూ ఉండవు. ఆయన్ను పేరు చివర "గారు" పెట్టి పిలవండి. టీ తాగేటప్పుడు ఆయన చెప్పేవాటిని ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాసుకోండి.

డ్రాఫ్టింగ్ మొదలుపెట్టడానికి చెక్ బౌన్స్ నోటీసు కన్నా మంచిది లేదు. చిన్నది, లెక్క పక్కాగా ఉంటుంది. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అందాక 15 రోజులు గడువు. అప్పటికీ డబ్బు రాకపోతే నెలలోపు కంప్లయింటు వేయాలి. ఈ మూడు తేదీల్లో ఏది జారినా కేసు చిక్కుల్లో పడుతుంది. ఒక నోటీసు రాసి ఇవ్వండి. దిద్దిస్తే మళ్లీ రాయండి. దిద్దకుండా పక్కన పెట్టేస్తే రెండు రోజులాగి, "సార్, ఎక్కడ తప్పు చేశానో ఒక్క నిమిషం చెబుతారా?" అని అడగండి. నోటితో అడగనిదే నేర్పే తీరిక చాలామంది సీనియర్లకు ఉండదు. అడిగితే కసిరేవాళ్లు కూడా ఉంటారు. వారం పాటు అలాగే ఉంటే జూనియర్ల దగ్గర నేర్చుకోండి.

చిన్న ఆఫీసుల చెడ్డ సంగతీ చెప్పాలి. కొన్నిచోట్ల ఇంటర్న్ అంటే జిరాక్స్ తెచ్చే పిల్లవాడు. నా స్నేహితుడొకడు నాలుగు వారాలూ సీనియర్ గారి పిల్లలను ట్యూషన్ నుంచి తీసుకురావడంతోనే గడిపాడు. రెండోవారం చివరికి మీ చేత్తో రాసినది ఒక్క పేజీ కూడా లేకపోతే, మర్యాదగా కారణం చెప్పి వేరే ఆఫీసు చూసుకోండి. మొహమాటపడి మిగతా రెండు వారాలు పోగొట్టుకోవద్దు.

6. పెద్ద ఫర్మ్‌కు అప్లై చేసే పద్ధతి

ఆరు నెలలు ముందే మొదలుపెట్టండి. చాలా ఫర్మ్‌లు తమ వెబ్‌సైట్‌లోనే ఫారం పెడతాయి. రెజ్యూమె ఒక్క పేజీ, అంతకు మించి ఎవరూ చదవరు. కవరింగ్ లెటర్‌లో ఏ టీము కావాలో రాయండి, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి. "నేర్చుకోవాలనే తపన ఉంది" అని అందరూ రాస్తారు. "జిల్లా కోర్టులో ఒక స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా కట్ట చదివి, అగ్రిమెంటులో ఏ క్లాజు లేకపోవడం వల్ల అది పదేళ్లు నడిచిందో నోట్ రాశాను" అని రాసేది మీరొక్కరే అవుతారు. చిన్న ఆఫీసు నెల ఇక్కడ పనికొస్తుంది.

ఇంకొకటి ఉంది. మన పిల్లలకు ఇది బలమని వాళ్లకే తెలియదు. హైదరాబాద్ ఆఫీసుల్లో భూమి టైటిల్ పరిశీలన పని చాలా ఉంటుంది. పరిశ్రమకో, అపార్ట్‌మెంట్లకో, సోలార్ ప్లాంటుకో వందల ఎకరాలు కొంటుంటే, ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు) చదివి నివేదిక ఇవ్వాలి. ఆ కాగితాల్లో చాలావరకు తెలుగులోనే ఉంటాయి. తెలంగాణలో అయితే సేత్వార్ (తొలి సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (హక్కు, సాగు వివరాల రికార్డు), ఆ తర్వాతి పహాణీలు, ధరణి రికార్డులు, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి. ఆంధ్రలో అయితే అడంగల్, 1-బి అనే భూమి రికార్డులు, మీభూమి పోర్టల్. బయటి నుంచి వచ్చిన అసోసియేట్‌కు "పట్టాదారు కాలమ్‌లో ఒకరి పేరు, అనుభవదారు కాలమ్‌లో ఇంకొకరి పేరు" ఉంటే దాని వెనక ఎంత గొడవ దాగి ఉందో తట్టదు. ఊళ్లో పెరిగిన మీకు వెంటనే తడుతుంది. పాత సేల్ డీడ్‌లోని హద్దులు చదివి, తప్పులేని ఇంగ్లిషులో సారాంశం రాయగలిగినవాళ్లను ఏ టీమూ వదులుకోదు. కాబట్టి వెళ్లే ముందు మీ ఇంటి పాస్‌బుక్, డాక్యుమెంట్లు, ఈసీ తీసుకుని, వాటి మీద మూడు పేజీల టైటిల్ నోట్ ఒకటి రాసి సాధన చేయండి. తెలుగు మీడియంలో చదివామని తలదించుకునే పిల్లలకు ఈ మాట గట్టిగా చెబుతాను: మీ తెలుగు ఈ వృత్తిలో ఆస్తి, ఇంగ్లిషు రాత ఒక్కటి దానికి జోడించుకోండి.

7. ఫర్మ్‌లో పని తీసుకునేటప్పుడు, ఇచ్చేటప్పుడు

పని చెప్పగానే "ఓకే" అని వెళ్లిపోకండి. అక్కడే నాలుగు సంగతులు తేల్చుకోండి: ఇది ఎవరికోసం, అంటే పార్ట్‌నర్ చదువుతారా, క్లయింటుకు వెళుతుందా? ఎన్ని పేజీలు? ఎప్పటికి కావాలి? ఇంతకుముందు ఇలాంటిది చేసిన నమూనా ఉందా? ఈ నాలుగూ అడిగి ఉంటే నా మొదటి మూడు వారాలు అలా గడిచేవి కావు. క్లయింటు ఎవరో, లావాదేవీ ఏమిటో తెలియకుండా పట్టికలో "అవును", "లేదు" అని నింపుకుంటూ పోయాను. ఒక రుణపత్రంలో యాజమాన్యం మారితే బ్యాంకు అనుమతి కావాలన్న క్లాజును మామూలు సమాచారంలా రాసి వదిలేశాను. ఆ పట్టిక కంపెనీ కొనుగోలు కోసమని, ఆ క్లాజు మొదటి వరసలోనే ఉండాల్సిందని అసోసియేట్ చెప్పారు. ఆవిడ ఆ మాట చెప్పిన సాయంత్రమే నా మెమో కూడా దిద్దారు.

మెమో రాసేటప్పుడు జవాబు మొదటి పేరాలో ఉండాలి, కారణాలు తర్వాత. కాలేజీలో చరిత్రతో మొదలుపెట్టడం అలవాటు, ఇక్కడ అది పనికిరాదు. ఉటంకించే ప్రతి తీర్పును మీరే తెరిచి, ఆ పేరా మీ కళ్లతో చదవండి. తర్వాత అది కొట్టివేతకు గురైందేమో చూడండి. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన తీర్పు పేరు నేరుగా మెమోలోకి ఎక్కించకండి, లేని తీర్పులను ఉన్నట్టు చెబుతుంది. మను‌పాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ అనే తీర్పుల డేటాబేస్‌ల లాగిన్ ఫర్మ్‌లో ఇస్తారు. కాలేజీలో ఉన్నప్పుడే వాటిలో వెతకడం సాధన చేసి వెళ్లండి. చిన్న ఆఫీసులో ఉన్నవాళ్లకు ఇండియన్ కానూన్, సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్‌సీఆర్ ఉచితంగా ఉన్నాయి, చాలా పనికి అవి చాలు.

పని అయ్యాక పంపేసి ఊరుకోకండి. మరుసటి రోజు ఆ అసోసియేట్ తీరిగ్గా ఉన్న సమయం చూసి, "నేను పంపినదానికీ మీరు ఫైనల్ చేసినదానికీ తేడా చూడొచ్చా?" అని అడగండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక గంటలో నేర్చుకునేది చాలా ఉంటుంది. పెద్ద ఫర్మ్‌లో మిమ్మల్ని ఎవరూ పిలిచి నేర్పరు, కానీ అడిగితే ఇచ్చేవాళ్లు ప్రతి టీములో ఒకరుంటారు. మొదటి వారంలో ఆ ఒక్కరిని కనిపెట్టడమే మీ అసలు పని. పని లేకుండా రాత్రి పదింటిదాకా కూర్చోవడం వల్ల మంచి పేరు రాదు. ఇచ్చిన గడువుకు గంట ముందు పంపితే వస్తుంది.

8. రెండు చోట్లా వర్తించే జాగ్రత్తలు

క్లయింటు సంగతులు బయట మాట్లాడకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 లాయరుకు విధించిన గోప్యత, ఆయన దగ్గర పనిచేసే క్లర్కులు, ఉద్యోగులకూ వర్తిస్తుంది. ఇంటర్న్‌ను కదా అని ఊరుకోవద్దు. హాస్టల్ రూములో కేసు చెప్పడం, కట్ట ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం, కాగితాలు ఏఐ యాప్‌లో ఎక్కించడం, ఏదీ వద్దు. ఊరు చిన్నదైతే మరింత జాగ్రత్త, మీ గ్రూపులో ఎవరో ఒకరు అవతలి పార్టీకి చుట్టం అయ్యుంటారు.

అమ్మాయిలు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ట్రైనీలు, అప్రెంటిస్‌లు కూడా ఉద్యోగుల కిందకే వస్తారు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి, పెద్ద ఫర్మ్‌లో చేరిన రోజే అందులో ఎవరున్నారో అడగండి. పదిమంది కన్నా తక్కువున్న ఆఫీసులో కమిటీ ఉండదు, అప్పుడు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి. చిన్న ఆఫీసు చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది, పని రాత్రిళ్లు సాగుతుంది. ఇంకో మహిళా జూనియర్ ఉన్న ఆఫీసు ఎంచుకోవడం, ఎన్నింటికి వెళ్లిపోతారో మొదటి రోజే చెప్పేయడం మంచిది. అలా చెప్పినందుకు మొహం మాడ్చుకునే చోట అసలు చేరవద్దు.

డబ్బు విషయానికొస్తే, జిల్లా ఆఫీసుల్లో ఇంటర్న్‌కు సాధారణంగా ఏమీ ఇవ్వరు. పెద్ద ఫర్మ్‌లు చాలావరకు స్టైపెండ్ ఇస్తాయి, కానీ ముంబైలో నెల గది, తిండి, లోకల్ ట్రైను ఖర్చు దాన్ని మించిపోవచ్చు. లెక్క వేసి, ఇంట్లో భారమైతే హైదరాబాద్ ఆఫీసుకే అప్లై చేయండి, పనిలో తేడా ఉండదు. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామనో, ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఇస్తామనో డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

బ్యాండూ గౌనూ ఎన్‌రోల్ అయిన అడ్వకేట్లవి. నల్లకోటు, నల్లటై దాకానే మీకు అనుమతి. కోటు కొనే స్తోమత లేకపోతే తెల్లప్యాంటు, పూర్తిచేతుల చొక్కా, మూసిన బూట్లు చాలని బార్ కౌన్సిల్ నిబంధనే చెబుతోంది, సిగ్గుపడాల్సిన పని లేదు.

9. ఆఖరి రోజు

ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఉన్న క్లయింటు ఫైళ్లు తీసేయండి, ఆ మాట సీనియర్ గారికో అసోసియేట్‌కో చెప్పండి. సర్టిఫికెట్‌లో తేదీలు, వారాలు సరిగా ఉన్నాయో అక్కడే చూసుకోండి, డైరీ మీద సంతకం తీసుకోండి. గుమస్తా గారికి చెప్పి రండి.

ఆ తర్వాత, మీరు పనిచేసిన కేసుల్లో ఒకదాని సి.ఎన్.ఆర్. నంబరు మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. రెండు మూడు నెలలకోసారి యాప్‌లో కొట్టి చూడండి. ఉత్తర్వు వచ్చిన రోజు దాన్ని పూర్తిగా చదివి, సీనియర్ గారికి ఫోన్ చేసి, "సార్, ఆ ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) మీద ఆర్డర్ చూశాను, రెండో పాయింట్ జడ్జిగారు ఎందుకు ఒప్పుకోలేదు?" అని అడగండి.